మా తాసిల్దారు ఎదురొస్తే

1954 ఆగస్టు 9, సోమవారం. ఆత్మకూరు

తాసిల్దారు పోయాడు. బెల్లం బస్తాల మీద పడుకున్నవాడు పడుకున్నట్టే. పొద్దున పాలగిన్నె తీసుకుని పిలిచాను, చెవి కూడా కదల్లేదు. చెయ్యి వేస్తే చల్లగా...

పదకొండేళ్లు మా అంగడిని ఏలిన పిల్లి. ఒక్క బస్తాకైనా ఎలుక పంటి గాటు పడనివ్వలేదు.

ఇంటి వెనక కరివేపచెట్టు పక్కన పూడ్చాను. నేనే తవ్వాను. అత్త అరుస్తూనే ఉంది— "శ్రావణమాసంలో చచ్చిన పిల్లిని ఇంట్లో పెట్టుకుంటావా? ఊరి బయట పారేయించు. పీడ విరగడయిందని సంతోషపడక!"

మట్టి కప్పి, కాళ్లు కడుక్కుని లోపలికొచ్చాను.

10, మంగళవారం

అంగడి తీశాం. మా ఆయన తక్కెడ తుడిచిందే తుడుస్తున్నారు.

11, బుధవారం

తాసిల్దారు సంగతి రాసిపెట్టాలి. నాది మూడో తరగతి చదువు. తప్పులుంటే ఉండనీ.

మా అంగడి బస్టాండు దారిలో. ప్రయాణం పోయేవాళ్లంతా మా ముందే పోవాలి. సరిగ్గా వాళ్లు వచ్చే వేళకే తాసిల్దారు దారికి ఈ పక్క నుంచి ఆ పక్కకు నడుస్తాడు—తోక పైకెత్తి, తొందర లేకుండా. పిల్లి ఎదురొచ్చాక ఎవరైనా అడుగు ముందుకేస్తారా? కాసేపు కూర్చోవాలి, గుక్కెడు నీళ్లు తాగాలి, అప్పుడు లేవాలి. కూర్చోవడానికి మా అరుగు. నీళ్లకు మా కుండ. కూర్చున్నాక నోరు ఊరుకోదు గదా... బొరుగులు, ఒక బెల్లంముక్క.

కలువాయి గొర్రెలాయన ఒకసారి కోపంగా వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏంది శెట్టీ, పిల్లికి జీతమిస్తా ఉండావా? పోయిన వారం ఇట్నే వచ్చె, ఈ వారం ఇట్నే వచ్చె!"

"జీతమెక్కడిది, పాలు పోస్తా ఉండాం," అన్నారు ఈయన.

"అయితే పాలు ఆపెయ్. నాకు రెండుసార్లు బస్సు పోయినాది."

అంటూనే చేటలోంచి ఇంకో గుప్పెడు బొరుగులు తీసుకున్నాడు.

పేరు పెట్టింది మా రమణయ్య. వాడికప్పుడు పన్నెండేళ్లు. "వచ్చినోళ్లందర్నీ కూర్చోబెడతా ఉండాడమ్మా, వీడు తాసిల్దారే" అన్నాడు. ఊరంతా అదే పేరు. బజారులో ఇంకే అంగడి పిల్లికి ఉంది అట్లాంటి పేరు?

12, గురువారం

అత్త మళ్లీ అంది. "మనవణ్ని మింగిన పిల్లి."

మూడేళ్లయింది. రమణయ్య అంగడికి కొయ్య గరిటెలు కొనుక్కురావడానికి ఉదయగిరి పోయాడు. అక్కడ వాంతులు, భేదులు పట్టుకున్నాయి. మూడో రోజు బండిలో తెచ్చారు... గరిటెల మూట కూడా తెచ్చారు. ఇరవై ఏళ్ల పిల్లోడు.

పిల్లి ఎదురొచ్చి ఉంటుందని అత్త అప్పుడే అంది. ఆయన కర్ర తీసుకుని నా ముందు నిలబడ్డారు.

"నువ్వు చెప్పు. ఆ పొద్దు అది వాడికి ఎదురొచ్చినాదా?"

"లేదు. నాతో వంటింట్లో ఉండింది," అన్నాను.

కర్ర మూలన పెట్టేశారు. నా ఒక్క మాట మీద తాసిల్దారు ఇంకో మూడేళ్లు బతికాడు.

13, శుక్రవారం

అబద్ధం. ఎదురొచ్చాడు.

ఆ పొద్దు వాకిట్లో నిలబడి చూస్తున్నాను. బస్సు హారను కొడుతోంది. రమణయ్య సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. తాసిల్దారు అడ్డంగా నడిచాడు. కూర్చుని పోరా అని పిలవబోయాను. పోయేవాణ్ని వెనక నుంచి పిలవకూడదు గదా... నోరు మూసుకున్నాను. పిల్లి ఎదురు రావడం పెద్ద కీడా, నేను పిలవడం పెద్ద కీడా—తేల్చుకునేలోపు వాడే వంగి, పిల్లి తల నిమిరాడు.

"ఏంరా తాసిల్దారూ, నన్ను గూడా కూర్చోబెడతావా? నేను అంగడోణ్నే గదరా, బొరుగులు కొంటానా ఏంది?"

నవ్వుకుంటూ పోయాడు. నా బిడ్డ నోట నేను విన్న ఆఖరి మాట.

ఎన్ని వందల మందికి ఎదురొచ్చాడు తాసిల్దారు! అందరూ పోయారు, పనులు చూసుకుని తిరిగొచ్చారు. గొర్రెలాయన ఇప్పటికీ వారం వారం వస్తూనే ఉన్నాడు. ఎవరేమన్నా అనుకోనీ. తాసిల్దారు చేసింది తన పని. ఒక్క రోజు మానలేదు. నా అంగడి పిల్లి అని తలెత్తుకుని చెబుతాను.

14, శనివారం

కుక్కలు తవ్వకుండా ఆయన కరివేపచెట్టు పక్కన రాళ్లు పేర్చారు. అత్త చూస్తుండగానే.

"నువ్వు చెప్పబట్టి గానీ, ఆ పొద్దే కొట్టి చంపుండేవాణ్ని" అన్నారు నాతో. ఎప్పుడూ అడిగేదే మళ్లీ అడిగారు. "పోయేటప్పుడు వాడు ఏమన్నా అన్నాడా?"

ఆ పొద్దు ఆయన సరుకు కోసం సంగం ఊరికి పోయి ఉన్నారు. కొడుకును చూడనే లేదు. మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నారు, "ఏమీ అనలేదు" అంటూనే ఉన్నాను. ఆ మాట చెబితే పిల్లి ఎదురొచ్చిందని తెలిసిపోతుంది. అందుకని తండ్రికి దక్కాల్సిన మాట నేనొక్కదాన్నే దాచుకున్నాను.

ఇక తాసిల్దారును ఎవరూ కొట్టలేరు. నా అబద్ధం మాత్రం మిగిలింది.

15, ఆదివారం

బడిపిల్లలు జెండాలు పట్టుకుని మా ముందు నుంచే పోయారు. దారికి ఎవరూ అడ్డం నడవలేదు.

అంగట్లో ఆయన పక్కన నిలబడి, "నవ్వినాడు," అన్నాను.

"ఎవరు?"

"మన రమణ. ఉదయగిరి పోయేటప్పుడు."

తక్కెడ దించారు. "ఎవర్ని చూసి?"

అంతలో గిరాకీ వచ్చింది. అరవీశె శనగపప్పు. ఆయన రెండుసార్లు తప్పు తూచారు. నేను లోపలికి వచ్చేశాను.

ఎసరు పెట్టి రాస్తున్నాను. మధ్యాహ్నానికి అంగడి తలుపులు వేస్తున్న చప్పుడు. ఇప్పుడు కాళ్లు కడుక్కుంటారు, పీట వాల్చుకుని కూర్చుంటారు, ఎవర్ని చూసి నవ్వాడని మళ్లీ అడుగుతారు.

నీళ్లు తెర్లుతున్నాయి. బియ్యం ఇంకా పోయలేదు.