గొంతు దిగని రొట్టె

హూరా (గల్ఫ్), 1995
శుక్రవారం రాత్రి

ఇక్కడ సెలవురోజు శుక్రవారమే కాబట్టి ఇవాళే జరిగిన ఆరాధన కూటంలో, ప్రభువు బల్ల దగ్గర పాస్టరు ఇచ్చిన రొట్టెముక్కని నేను రుమాల్లోకి ఉమ్మేసింది పొగరుతోనట. "డిగ్రీ చదివిన గొంతులోకి దేవుడి రొట్టె కూడా దిగదేమిటే?" అని దారి పొడవునా అక్క సాధింపు. నిజంగానే దిగలేదు. థైరాయిడ్ మీది గడ్డలో నీళ్లు డాక్టరు సూదితో లాగేసి నెల కాలేదు, మళ్లీ నిండింది. ఈసారి కోసి తీసెయ్యాలన్నాడు. గొంతు బొంగురుపోయే ప్రమాదమూ ఉందన్నాడు. అది విన్న దగ్గర్నుంచి బావ, "పాటలు పాడేదానివి, ప్రార్థనకి కరిగిపోతుందిలే, ఆగమ్మా" అంటున్నాడు. కూటంలో ముందు పాట అందుకునేది నేనే. అది కాస్తా పోతే ఈ ఊళ్లో నాకంటూ ఏముంది...

ఇందాక గంజి కూడా రెండో గుక్కకే అడ్డుపడింది. ఊపిరాడక గోడ పట్టుకున్నాను. పక్కగదిలో అక్కా బావా నా కోసమే ప్రార్థన చేస్తున్నారు.

రేపు ఒక్కదాన్నే వెళ్లి ఆపరేషనుకి సంతకం పెడతాను.