ఎత్తుకునే తీరు

మార్చి 3, సోమవారం

కొత్త ప్రాజెక్ట్. గొరిల్లాలు! యూరప్‌లో ఏదో జూ, పేరు మాకు చెప్పరు. గాజుగోడ వెనక గది, తాళ్లు, ఎండుగడ్డి, నాలుగు కెమెరాలు. తల్లి పేరు ఎఫ్-త్రీ. ఇదీ ఒక పేరేనా? తొలి కాన్పు, బిడ్డకు ఆరు రోజులు. ఆమె బిడ్డను ఎలా ఎత్తుకుంటుందో ఆఫీసులో వీడియోలో చూసి క్లిప్పు క్లిప్పుకీ మేం లేబుల్ కొట్టాలి. ప్రాపర్, క్లమ్సీ, నెగ్లెక్ట్. రోజూ సాయంత్రం ఆ లెక్క రిపోర్టుగా జూ వాళ్లకు వెళ్తుందట.

మార్చి 5

రాకేశ్‌తో రోజంతా గొడవ. ఎఫ్-త్రీ బిడ్డను తలకిందులుగా పట్టుకుంది. నేను క్లమ్సీ అన్నాను, వాడు నెగ్లెక్ట్ అన్నాడు. ప్రతి క్లిప్పుకీ రాకేశ్, సంతోష్, నేను విడివిడిగా లేబుల్ వేస్తాం. ముగ్గురిదీ కలవాలి. కలవడం లేదు. అగ్రిమెంట్ డెబ్బై ఒక్క శాతం. టీమ్ లీడ్ ఉదయ్ భాస్కర్ మొహం చూడాలి!

మార్చి 6, మధ్యాహ్నం

మా ఫ్లోర్ తుడిచే భూలక్ష్మి నా వెనక ఆగిపోయింది. నలుగురిని కన్న మనిషి. గిదేం గదమ్మా, మూలకు కూసునే జాగ లేదు, అందరు చూస్తుంటే బిడ్డకు పాలెట్ల ఇస్తది అంది. తొలిసూరు కదా, చేతులకు అలవాటైతది, జర నిమ్మళంగ ఉండనియ్యుండ్రి అని కూడా అంది. స్క్రీన్ చూసినందుకు సెక్యూరిటీ అతను ఆమె మీద కేకలేశాడు. పదహారు పేజీల గైడ్‌లైన్స్‌లో ఆమె చెప్పిన ముక్క ఎక్కడా లేదు.

మార్చి 7

ఉదయ్ ఉపాయం కనిపెట్టాడు. క్లమ్సీని తీసేసి నెగ్లెక్ట్‌లో కలిపేశాడు. ఎవరికైనా అభ్యంతరమా అండి అని అడిగాడు. రివ్యూయర్‌ని కూడా నేనే, మార్పుకు నా ఓకే కావాలి. ఇంటికి వెళ్లే తొందర. ఓకే కొట్టాను. అగ్రిమెంట్ తొంభై ఆరు. కేక్ కోశారు. తిన్నాను.

మార్చి 12

బిడ్డను తీసేసుకున్నారు.

నెగ్లెక్ట్ అరవై శాతం దాటిందట. తల్లికి మత్తిచ్చి, బిడ్డను సీసాపాల మీద పెంచడానికి పట్టుకెళ్లారట. క్లయింట్ మెయిల్‌లో మాకు థాంక్స్ చెప్పాడు. థాంక్స్!

ఆమె ఒక్కసారి కూడా బిడ్డను కింద వదల్లేదు. మూడు వందల క్లిప్పులు చూశాను, నాకు తెలుసు. నా కూతురు పుట్టిన మొదటి వారం నాకూ మెడ పట్టుకోవడం రాలేదు. అమ్మ పక్కన కూర్చుని నేర్పింది. నా చేతుల్లోంచి ఎవరూ లాక్కుపోలేదు. అక్కడ కళ్లున్న మనుషులే లేరా? గాజు ఇవతల నిలబడి ఒక్క పూట చూస్తే తెలియదా? మాదాపూర్‌లో కూర్చుని మేం నొక్కిన బటన్‌ని బట్టి బిడ్డను వేరు చేస్తారా? ఒళ్లు మండిపోతోంది. వాళ్ల మీద, ఉదయ్ మీద, అందరికంటే నా మీద.

మార్చి 13

క్లయింట్‌కి మేం నేరుగా రాయకూడదు. కానీ క్లిప్పు కింద కామెంట్ బాక్స్ ఉంది. నెగ్లెక్ట్ కొట్టిన పాత క్లిప్పులన్నీ తెరిచి అదే రాయడం మొదలుపెట్టాను. ఇది నిర్లక్ష్యం కాదు, లేబుల్స్ కలిపేసింది మేం, బిడ్డను తల్లికి ఇచ్చేయండి. అక్కా, నా తప్పు గూడ ఉన్నది, సగం నాకియ్యి అన్నాడు రాకేశ్. ఇద్దరం కలిసి రెండు వందల పన్నెండు రాశాం.

మార్చి 14

ఉదయ్ లోపలికి పిలిచాడు. ఆమనిగారూ, ప్రాజెక్ట్ పోతుందండి, ఒక గొరిల్లా కోసం ఇంతమంది ఉద్యోగాలా అండి అన్నాడు. మనం అబద్ధం పంపాం, ఆ సంగతి చెప్పు ముందు అన్నాను. ఆయన్ని నువ్వు అనడం ఇదే మొదటిసారి.

మార్చి 18

జవాబు వచ్చింది. పొరపాటు గమనించారట. కానీ బిడ్డ సీసాకు అలవాటు పడింది కాబట్టి వెనక్కి ఇవ్వరట. ఇక ఎఫ్-త్రీకి పాలు ఇంకిపోతున్నాయి, త్వరలో ఎదకు వస్తుంది, వచ్చే నెల మగదాని దగ్గరికి పంపుతారట. మొదటి బిడ్డను ఎత్తుకోనివ్వలేదు, అప్పుడే రెండోదాన్ని కనమంటున్నారు! జాతిని కాపాడుతున్నారట. మాకు కొత్త లేబుల్ కూడా పంపారు, మేటింగ్ అని. ఛీ.

మార్చి 19

ఆఫీసుకు వెళ్లాను. వచ్చాను.

మార్చి 21, ఉదయం 11:40

ఎఫ్-త్రీ ఒక గోనెసంచిని ఎత్తుకుని ఉంది. రొమ్ముకు ఆనించి, కింద చెయ్యి పెట్టి. చాలాసేపు.

ముగ్గురం ఏ బటనూ నొక్కలేదు. ఉదయ్ వచ్చి మా వెనక నిలబడ్డాడు. నొక్కమనలేదు.