టీ రావచ్చు, రాకపోవచ్చు

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం.

అక్కకి తమ్ముడు సుబ్బారావు నమస్కారాలు.

నేనిక్కడ తింటున్నాను, తిరుగుతున్నాను. నీ మోకాళ్ళు, బావగారి దగ్గు ఎలా ఉన్నాయి? ఈసారి "అందరం క్షేమం" అని సరిపెట్టకుండా ఉన్నది ఉన్నట్టు రాయి. ఎందుకో చెప్తాను.

నేను టీ ఇచ్చే షేర్ల ఆఫీసులో రెండు నెలలుగా మొహాలన్నీ వేలాడుతున్నాయి. ప్రభుత్వం పన్ను పెంచుతుందో తగ్గిస్తుందో, విదేశీ సరుకు రానిస్తుందో ఆపుతుందో తేలడం లేదట. అది తేలేదాకా కంపెనీలు నోరు విప్పవు. మునుపు ఇది అమ్మాం, ఇక్కడ దెబ్బతిన్నాం అని రాసేవాళ్ళు. ఇప్పుడు నివేదికలు లావెక్కాయి, సంగతి బక్కచిక్కింది. పేజీకి పదిసార్లు "పరిస్థితులను బట్టి". షేర్లు కొన్న పెద్దమనుషులు మా గుమ్మంలో గోళ్ళు కొరుక్కుంటున్నారు.

నా బుద్ధి తెలుసుగా, ఊరుకోలేకపోయాను. మొన్న టీ ఫ్లాస్కుకి కాగితం అంటించాను: "పాల లభ్యతను బట్టి సాయంత్రం టీ రావచ్చు, రాకపోవచ్చు. చక్కెర గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేము."

ఆఫీసంతా పడీపడీ నవ్వింది. మేనేజరు యాదగిరి గారు కళ్ళు తుడుచుకుంటూ, "గిదేందన్నా! చాయ్ ఒస్తదా రాదా, సీదా చెప్పు" అన్నారు.

"నేనడిగేదీ అదేనండి. ఈ ఆఫీసు ఉంటుందా, ఎత్తేస్తారా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "జర ఆగాలె. పైనోళ్లు ఏం తేల్చలే" అని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

గదికొచ్చి నీ పాత ఉత్తరం తీశాను. పద్మని చైతన్యపురిలో కోచింగ్‌కి పంపనా, మేనమామవి, నువ్వు కనిపెట్టుకుని ఉంటావా అని అడిగావు. నేనేం జవాబు రాశానో గుర్తుందా? "పరిస్థితులను బట్టి చూద్దాం." వాళ్ళని ఎగతాళి చేసిన నోటికి చెప్పుదెబ్బ తగిలినట్టయింది.

అందుకే ఉన్నమాట చెప్తున్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో నాకు తెలీదు. పోతే ఈ ఊళ్ళో ఉంటానో లేదో కూడా తెలీదు. సాయంత్రాలు మెట్రో మెట్లు దిగే జనంలో మనవాళ్ళెవరైనా ఉన్నారేమోనని వెర్రివాడిలా చూస్తుంటాను. పద్మ వస్తే ఈ గదిలో మన యాస వినబడుతుందని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ ఆశతోనే అసలు సంగతి నీ దగ్గర దాచాను. ఇప్పుడు తెలిసిందిగా, ఆలోచించి నువ్వే తేల్చు.

ఎవరైనా ఇటు వస్తుంటే ఎండురొయ్యలు పంపు. ఈ గది అద్దెకిచ్చిన ఇల్లుగలావిడ ముక్కు మూసుకుంటుంది, మూసుకోనీ.

బావగారికి, పిన్నికి నా దండాలు. పద్మకి ముద్దులు. నన్ను తిట్టినా సరే, దీవించడం మానకు.

నీ తమ్ముడు,
సుబ్బారావు.

పద్మని పంపకపోయినా నేనేమీ అనుకోను అని రాయబోయాను. అనుకుంటానక్కా.