రెండు వైపులా అచ్చు వేయాలి

ఈ ఉదయం మా పెదనాయన పరశురాములు, మా తాత పద్యాల కాగితాలను వరండాలో పరిచి ఫోటోలు తీశాడు. గాలికి ఒకటి తిరగబడింది. పద్యం పైకి వచ్చేలా తిప్పి, ఎగరకుండా దాని మీద చెప్పు పెట్టాడు.

గుండ్ల స్వర్ణ అనే నేను, ఇరవై తొమ్మిదేళ్లు, మహబూబ్‌నగర్‌లో గ్రంథాలయ ఉద్యోగిని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. సోమవారం నాకు గుండె ఆపరేషన్. నేను తిరిగి రాకపోతే ఈ కాగితాలు పెదనాయన చేతిలో పడకూడదు.

1. మా తాత బీరప్ప ఉమ్మడి రాష్ట్రంలో రెండేళ్లు మంత్రి, జీవితమంతా కవి. ఇప్పుడు రెండూ ఎవరికీ గుర్తు లేవు. ఆయన నాకు రాసిచ్చిన అరవై మూడు కాగితాలు జడ్చర్ల బైండర్ ఫక్రుద్దీన్‌కు చెందాలి. ఈ వీలునామా అమలు చేయవలసిందీ ఆయనే. కాగితాలను అట్టలకు అతికించమని పెదనాయన అడిగితే, "గమ్ పెడితే ఎనుక రాసినోళ్ల నోరు మూసినట్టే సార్" అని తిప్పి పంపాడు.

2. తాత తనకు వచ్చిన అర్జీల వెనుక పద్యాలు రాసేవాడు. రెండు వైపులా, ఒకే సైజు అక్షరాల్లో అచ్చు వేయాలి. అర్జీల్లో తప్పులు దిద్దకూడదు. "అర్జీలు సదవనీకి ఎవడొస్తడే పిచ్చిదానా?" అన్నాడు పెదనాయన. ఇదే జవాబు.

3. పెదనాయనకు తాత సన్మాన శాలువలు పదకొండు. తాత మంచాన పడ్డ నాలుగేళ్లలో రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ ఫోటోగ్రాఫర్‌తో. తాతకు పెట్టించబోయే విగ్రహానికి కప్పవచ్చు.

4. మా అవ్వ లక్ష్మీనర్సమ్మకు తాత గొంగడి, కొత్త సెల్లులు వేసిన నా రేడియో. "మీ తాతకు కాగితం దొరికితే సాలు బిడ్డా, అది ఎవల ఏడుపో సూడకపోయేటోడు" అనేది. నేను నమ్మలేదు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి ఆయన.

5. నలభై ఒకటో కాగితం పుస్తకంలో మొదట రావాలి. ఒకవైపు కృష్ణా నది మీద పద్యం. చాలా బాగుంటుంది. రెండోవైపు కట్టంగూర్ దగ్గరి పల్లె నుంచి బాలయ్య అర్జీ, 1985: "మా బాయి నీళ్లు తాగి నా తొమ్మిదేండ్ల పోరని కాళ్లు వంకర పోయినయి. మంచినీళ్లు ఇప్పియ్యండ్రి." దాని మీద ఆఫీసు ముద్ర లేదు, నంబరు లేదు. అది తాత జేబు దాటి పోలేదు.

తాతా, పెదనాయన మీద కన్నా నీ మీదే నాకు కోపం ఎక్కువ. అయినా ఒక్క పద్యం కూడా తీసేయవద్దు.

మహబూబ్‌నగర్, 19 ఆగస్టు 2023
(సంతకం) గుండ్ల స్వర్ణ

సాక్షులు:
1. భాగ్యలక్ష్మి, నాతో పనిచేసే ఉద్యోగిని.
2. కాటమయ్య, బాలయ్య కొడుకు. బస్సు దిగి, రెండు కర్రలతో మెట్లెక్కి వచ్చి సంతకం చేశాడు.