నా పాటకు రెండో చరణం

ఆదివారం, వనపర్తి

మా ఆర్కెస్ట్రా ఓనర్ రాజన్నకు నా మగ్గం పాట వినిపిస్తే, "సొంత పాటలు ఎవడు వింటడ్రా? సినిమా పాటలే కొట్టు" అన్నడు. ఇయ్యాల వడ్డేపల్లి పెండ్లిల గదే పాట తనే రాసిన అని చెప్పి పాడిండు. ఒకటే చప్పట్లు. పక్కన కీబోర్డ్ వాయించింది నేనే, కోపంతోని పండ్లు పటపట కొరుక్కుంట.

స్టేజి దిగినంక, "తమ్మీ, రెండో చరణం గూడ రాసియ్యి. ఎల్లుండి గద్వాలల నేతోళ్ల పెండ్లి ఉన్నది" అన్నడు, జర గూడ సిగ్గు లేకుంట.

నవ్వుకుంటనే రాసిచ్చిన.

గద్వాల చీరంటే ఒళ్లంత నూలు, అంచు పట్టు. నేను ఉల్టా రాసిన. అంచు నూలు, ఒళ్లంత పట్టు. మగ్గం ఉన్న ఇంట్ల చిన్నపిల్లకు గూడ తెలుస్తది. రాజన్నకు తెల్వదు.

ఆ పెండ్లికి మగ్గం నేసే మా అమ్మ గూడ పోతది. ఈ పాట అందరికంటే ముందు విన్నది ఆమెనే. ఎల్లుండి ముందుగాల నవ్వేది గూడ ఆమెనే కావాలె.