గ్వెనోలే మేకు

కార్డిఫ్, శనివారం

సోయిజిక్, నేను కులాసా. మోకాలు కూడా సర్దుకుంది, దిగులు పెట్టుకోకు.

రేవులో మన ఉల్లిపాయల్ని రెండు రోజులు ఆపేశారు. నువ్వల్లిన ఉల్లిజడ ఒకటి విప్పి, ఒక్కో ఉల్లిపాయా తిప్పి చూసి, మట్టి లేదని తేలాక వదిలారు. ఈ దేశం యూరప్ కూటమి వదిలేశాక ఏటా ఇదే తంతు. మీ మరిది గ్వెనోలేకి అసలు రావడానికే అనుమతి ఇవ్వలేదు కదా, వాడు అమ్మే వీధులు కూడా నేనే సైకిలు మీద తిరిగి అమ్ముతున్నాను.

నిన్న ఏటా మన ఉల్లిజడలు కొనే నెస్టా అవ్వ ఇంటికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో రెండు మేకులున్నాయిగా, ఒకటి నా జడకి, ఒకటి వాడి జడకి.

"చిన్నోడేడీ?" అంది. రానివ్వలేదన్నాను.

"అయ్యో! బయటికొచ్చేద్దామని నేనూ ఓటేశాను గానీ, మిమ్మల్ని ఆపుతారని ఎవరనుకున్నారు నాయనా?"

"మరి ఉల్లిపాయలు వాటంతటవే ఈదుకుంటూ వస్తాయనుకున్నావా అవ్వా?" అన్నాను. కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. రెండో మేకుకి కూడా నేనే జడ తగిలించబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. అది వాడిది. వాడే వచ్చి కడతాడు."

ఉప్పు వెన్న పంపకు, రేవులో తీసేసుకుంటున్నారు. కాలీఫ్లవర్‌కి నీళ్ళు పెడుతున్నారా? పిల్లలకి ముద్దులు, అత్తయ్యకి నమస్కారాలు.

గ్వెనోలే సైకిలు అమ్మేస్తానంటున్నాడని రాశావు. అమ్మనీయకు. అవ్వకి ఎనభై దాటాయి, మేకు ఖాళీగా ఉంది.

నీ ఎర్వాన్