ఉల్లిపొర రంగు చీర

బాపు,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తెలంగాణ కోసం బంద్ కాబట్టి జనగామ బజారంతా మూసే ఉంది, మన బట్టల దుకాణం కూడా. అక్కా నేనూ ఇప్పుడు చీరలు ఇంటర్నెట్‌లో ఒక సైటు ద్వారా అమ్ముతున్నాం. ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో ఉల్లిపొర రంగు చీర గులాబీగా కనిపించిందట. కొన్నావిడ తిప్పి పంపింది. ఇంకోటి తిరిగొస్తే మన దుకాణం పేరును తమ జాబితాలోంచి తీసేస్తామని ఆ సైటువాళ్లు చెప్పారు.

"గా రంగు కెమెరాకు దొరకదురా. అమ్ముడు బంద్ చేద్దాం," అంది అక్క.

నాకు మండింది. "చీరెది తప్పా? మనం చూపెట్టుడు తప్పు. దాని రంగు దానికి దక్కాలె."

"నీ కరపత్రం ఆపి చీరె పట్టు."

నువ్వు ఏ చీరనూ లైటు కింద అమ్మలేదు. గడప దాటించి, వెలుతురులో చూసుకొమ్మనేవాడివి. అందుకే ధర్నాకు పోయేముందు షట్టరుకు నీ తెల్ల ధోతి కట్టి, దానిమీద చీర వేలాడదీసి, పొద్దుటి వెలుతురులో ఫొటో తీశాను. రంగు ఉన్నదున్నట్టు వచ్చింది.

అక్క ధోతి విప్పి నీ పెట్టెలో పెట్టబోయింది. ఉండనిమ్మన్నాను. లోపల ఇంకా చాలా చీరలున్నాయి.